ఆవిష్కరణ మర్నాడు

(నగర వీధుల్లో కళ, దానికో ప్రణాళిక: డ్రాయింగ్ మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం చెయ్యడానికి రెండు దారులున్నాయి. స్మరించుకునే మనిషి గురించే మాట్లాడటం ఒకటి. ఆ మనిషి జీవితమంతా పట్టించుకున్న విషయాన్ని అందుకుని మరికాస్త ముందుకు తీసుకుపోవడం రెండోది. మొదటిదానికి మాస్టారు ఒప్పుకునేవారు కారు, అందుకే రెండో దారి పట్టాను. ఆయన బళ్ళో డ్రాయింగ్ చెప్పారు. సెలవుల్లో షాపులకు బోర్డులు రాశారు. ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు వేశారు, జాతర ముందు గుడి రథానికి రంగులు దిద్దారు. ఆర్టు గ్యాలరీలో ఆయన బొమ్మ ఒక్కటీ వేలాడలేదు గాని, ఆయన ఉన్న పేటలో ఆయన గీత చూడకుండా ఒక్క పిల్లవాడూ పెరగలేదు. 

నేను చిత్రకారుణ్ణి కాను. పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఈ సాయంత్రం అందం గురించి తక్కువ, ఫైలు గురించి ఎక్కువ మాట్లాడతాను. కాస్త ఓపిక పట్టండి.

మన నగరాల్లో బొమ్మలకేం కరువు లేదు. కూడలికో విగ్రహం, ఫ్లైఓవర్ స్తంభానికో నెమలి, ప్రభుత్వ ఆఫీసు ప్రహరీకో పల్లెటూరి దృశ్యం. ఇది ఇక్కడే ఎందుకు పెట్టారు, ఎవరు నిర్ణయించారు, ఇకపైన ఎవరు చూసుకుంటారు అని అడిగితే మాత్రం జవాబు రాసి ఉన్న కాగితం ఎక్కడా దొరకదు. నా వాదన చిన్నది. వీధిలో పెట్టే కళకు ఆవిష్కరణ అన్నది నడుమ వచ్చే ఒక తేదీ. దానికి ముందు జరగవలసిన పనినీ, తర్వాత జరగవలసిన పనినీ ముందే రాసిపెట్టుకుంటే అది ప్రణాళిక. ఆ తేదీ ఒక్కటే చూసుకుంటే అది సభ.

నలుగురు ముఖ్యమంత్రులు, ఒక బుద్ధుడు

హైదరాబాద్‌లో ఈ మాట ఎత్తితే హుస్సేన్‌సాగర్ నడుమ ఉన్న బుద్ధుడి దగ్గరే మొదలుపెట్టాలి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఎన్.టి. రామారావు న్యూయార్కులో స్వేచ్ఛా విగ్రహం చూసి, మనకూ అంతటిది ఒకటి ఉండాలనుకున్నారు. భువనగిరి దగ్గర రాయగిరిలో తెల్ల గ్రానైటు కొండ దొరికింది. 1985లో గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు ఉలి పట్టారు. దాదాపు 58 అడుగుల ఏకశిల, బరువు 350 టన్నుల దాకా. చెక్కడం ముగిసింది, రాయగిరి నుంచి నగరం దాకా రోడ్డు ప్రయాణమూ ముగిసింది. ఇక మిగిలింది గట్టు నుంచి చెరువు నడుమకు ఉన్న కాస్త దూరం. 1990 మార్చి 10న ఆ కాస్త దూరంలోనే బార్జి ఒరిగి విగ్రహం నీళ్ళలో పడింది. మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండున్నరేళ్ళకు పైగా చెరువు అడుగున పడి ఉండి, 1992 డిసెంబరు 1న బుద్ధుడు తన పీఠం ఎక్కాడు.

ఈ కథను అందరూ శిల్పుల గొప్పతనంగానో, ప్రమాదంగానో చెప్పుకుంటారు. నాకు అందులో ఫైలు కనబడుతుంది. పని మొదలైంది రామారావు హయాంలో. విగ్రహం మునిగిన నాటికి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. ఆయన తర్వాత నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. నిలబెట్టిన నాటికి ఆ కుర్చీలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఉన్నారు. ఒక శిల్పం, ఏడేళ్ళు, నలుగురు ముఖ్యమంత్రులు, రెండు పార్టీలు. వీధిలో పెట్టే పెద్ద పని ఏదైనా ఒక ప్రభుత్వం ఆయుష్షులో ఒదగదు. కల ఒక్కరికి రావచ్చు. ఆ మనిషి కుర్చీ దిగినా పని ఆగని ఏర్పాటు ఉంటేనే ఆ కల నిలబడుతుంది. బుద్ధుడి అదృష్టం ఏమిటంటే, చెరువులో వదిలేయలేనంత పెద్దవాడు కావడం. చిన్న బొమ్మలకు ఆ అదృష్టం ఉండదు.

ఇంజనీర్లు పట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కళాకృతికి ఖర్చు వేసేటప్పుడు మనం చెక్కే కూలి, లోహం ధర, రంగు ధర లెక్కవేస్తాం. తరలించడం, ఎత్తడం, పునాది, బీమా అనేవి అంచనాలో చివరి పేజీలో ఇరుక్కుంటాయి. ప్రమాదం ఎప్పుడూ ఆ చివరి పేజీ దగ్గరే పొంచి ఉంటుంది.

ట్యాంక్‌బండ్ మీద అడగని ప్రశ్న

బుద్ధుడికి ఎదురుగా ట్యాంక్‌బండ్ మీద 33 విగ్రహాలు నిలబెట్టిందీ 1980లలోనే. నన్నయ, తిక్కన, మొల్ల, వేమన, రుద్రమదేవి, మహబూబ్ అలీఖాన్, కాటన్, జాషువా, మఖ్దూం, శ్రీశ్రీ. సాయంత్రం పూట గట్టు మీద నడుస్తూ ఆ పీఠాల మీది పేర్లు చదివి సాహిత్యంలో ఓనమాలు నేర్చుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. 2011లో, మళ్ళీ అదే మార్చి 10న, తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ జరిగిన రోజున, వాటిలో సగానికి దగ్గరగా విరిగాయి. తర్వాత మళ్ళీ పెట్టారు. కొమరం భీం విగ్రహమూ ఆ గట్టు మీదికి వచ్చింది.

పగలగొట్టడాన్ని సమర్థించే మాట నా నోట రాదు. శ్రీశ్రీ ఎవరి ఉద్యోగమూ ఊడగొట్టలేదు, మొల్ల ఎవరి నీళ్ళూ మళ్ళించుకుపోలేదు. కాని ఆ కోపం వెనుక ఒక లెక్క ఉంది. ఈ వరుసలో తెలంగాణ నేల మీద పుట్టినవాళ్ళు ఎందరు? ఆ లెక్క విగ్రహాలు నిలబెట్టిన నాడే అడగదగినది. ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి? జాబితాను ముందుగా జనం ముందు పెట్టి, ఇన్ని రోజుల్లో అభ్యంతరాలు రాయండి, ఫలానా రోజున కూర్చుని వింటాం అని చెప్పే పద్ధతి మన మునిసిపల్ వ్యవస్థలో ఇవాళ్టికీ స్థిరపడలేదు. అడగడానికి గుమ్మం లేనప్పుడు, పాతికేళ్ళ తర్వాత ఆ ప్రశ్న సమ్మెట పట్టుకుని వస్తుంది.

అదే గట్టు మీద ఇంకో లెక్క కూడా వేసి చూడండి. 33 మందిలో ఆడవాళ్ళు ఎంతమంది? చేతివేళ్ళు ఎక్కువవుతాయి. దీని కోసం ఎవరూ ఊరేగింపు తీయలేదు. తీయలేదు గనక ప్రశ్న లేదనుకోకూడదు.

కాబట్టి ప్రణాళికలో మొదటి అధ్యాయం ఎంపిక సంఘం గురించి ఉండాలి. అందులో కళాకారులు ఇద్దరు ముగ్గురు, చరిత్ర తెలిసినవారు ఒకరు, ఇంజనీరు ఒకరు, ఆ వార్డులో కాపురం ఉండేవాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి. కార్పొరేటర్ కూర్చోవచ్చు గాని ఆయన ఓటు ఒక్కటే. సంఘం పదవీకాలం ఎన్నికల క్యాలెండరుతో కలవకూడదు. సమావేశంలో ఏం మాట్లాడారో రాసి గోడకు అంటించాలి. ఇవన్నీ విసుగు పుట్టించే సంగతులే. ఆ విసుగే మనల్ని కాపాడుతుంది.

డబ్బు ఎక్కడిది?

వీధి కళకు డబ్బు అనగానే మనకు ఇద్దరు గుర్తొస్తారు, ముఖ్యమంత్రి, దాత. రెండువేల ఏళ్ళ కిందట ఈ నేల మీద ఇంకో పద్ధతి ఉండేది. అమరావతి స్తూపం పలకల మీది శాసనాలు చదివితే దాతలు ఎవరెవరో తెలుస్తుంది. గృహపతులున్నారు, వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్ళున్నారు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబమంతటితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి సమర్పించాడు. అమరావతి పూర్ణఘటమే ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. తోలుపని చేసే ఇల్లు కూడా భాగం పంచుకున్న కట్టడం అది. చందా చిన్నదైనా పేరు రాతి మీద ఉంది గనక ఆ కట్టడం తనదని చెప్పుకునే హక్కు ఆ కుటుంబానికి వచ్చింది.

ఆధునిక కాలంలో ఆ పని చెయ్యడానికి నగరాలు వేరే దారి కనిపెట్టాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లో ఒక నిబంధన చేసింది. నగరం డబ్బుతో కట్టే నిర్మాణాల ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించాలని. సియాటిల్ 1973లో ఆ బాటనే నడిచింది. తర్వాత ఎన్నో నగరాలు అందుకున్నాయి. దీనిలో కిటుకు ఏమిటంటే, కళ కోసం ప్రతి ఏడూ ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. కాంట్రాక్టు మీద సంతకం పడిన రోజునే కళ వాటా పక్కకు తీసి పెడతారు. సిమెంటు ధర పెరిగిందని దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు.

ఇదేదో పరదేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ భవనాలు కట్టేటప్పుడు భారతీయ కళాకారులకు పని ఇవ్వాలని నెహ్రూ సూచించారు. ఆ సూచన ఫలితంగానే ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముందు రాంకింకర్ బైజ్ చెక్కిన యక్షుడు, యక్షిణి నిలబడ్డారు. బ్యాంకుకు శిల్పాలేమిటని, యక్షిణికి బట్టలేవని అప్పట్లో పార్లమెంటు దాకా గొడవ పోయింది. ఎంపిక ఒక పద్ధతి ప్రకారం జరిగి, కాగితం మీద ఉంది గనక శిల్పం నిలిచింది. ఇవాళ ఢిల్లీ వెళ్ళినవాళ్ళు దాన్ని చూడకుండా ఆ రోడ్డు దాటలేరు.

మన లెక్క వేసుకుందాం. వంద కోట్ల ఫ్లైఓవర్‌లో ఒక శాతం అంటే కోటి రూపాయలు. నా ప్రతిపాదన, ఆ కోటిలో పాతిక లక్షలు విడిగా డిపాజిట్ చేసి, దాని వడ్డీని ఆ కళాకృతి పోషణకే వాడాలి. మిగతా 75 లక్షల్లోనే డిజైను, తయారీ, తరలింపు, బీమా అన్నీ రావాలి. ఆళ్ళగడ్డలో రాయి చెక్కేవాళ్ళున్నారు. తెనాలిలో కంచు విగ్రహాలు పోతపోసేవాళ్ళున్నారు, పాత ఇనుప సామానుతో శిల్పాలు కట్టేవాళ్ళున్నారు. చేర్యాలలో నకాషీ కుటుంబాలున్నాయి, శ్రీకాళహస్తిలో కలంకారీ చేతులున్నాయి. ఇప్పుడు వాళ్ళందరికీ పని పరిచయస్తుల ద్వారానే వస్తోంది. వాటా స్థిరమైతే బహిరంగ ప్రకటన ద్వారా రావచ్చు. డిజైను పంపించినందుకు కూడా కళాకారుడికి డబ్బివ్వాలన్నది ఇంకో నిబంధన. ఎంపిక కాని డిజైనుకు పైసా రాకపోతే పోటీలో పెద్ద స్టూడియోలే మిగులుతాయి. చేర్యాల నుంచి ఎవరూ రారు.

గోడ దగ్గర

ఇక గోడల సంగతి. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల కాలం వచ్చాక మన నగరాల్లో గోడలకు రంగులు ఎంత వేగంగా ఎక్కుతున్నాయో మీరు చూస్తున్నారు. పరిశీలకులు వచ్చే ముందు పదిరోజుల్లో కిలోమీటర్ల కొద్దీ గోడలు నిండిపోతాయి. ఒక్క వానాకాలం గడిస్తే సగం పెచ్చులూడిపోతాయి. టెండరులో చదరపు అడుగుకు ఇంత అని రేటు ఉంటుంది. గోడను సిద్ధం చేసే పనికి రేటు ఉండదు.

మాస్టారు గోడ దగ్గరకు వెళ్తే ముందు రంగుడబ్బా తెరిచేవారు కారు. అరచేత్తో రాసి చూసేవారు, సున్నం పొడి అంటుకుంటే పాత పూత పట్టు వదిలిందన్నమాట. వేలి కణుపుతో అడుగడుక్కీ కొట్టుకుంటూ నడిచేవారు. డొల్లగా మోగిన చోట బొగ్గుతో గుండ్రంగా గీసి, మేస్త్రీని పిలిచి, అక్కడ గిలాబా చెక్కించి మళ్ళీ పూయించేవారు. నేల నుంచి మోకాలెత్తు దాకా చెమ్మ ఎక్కిందేమో చూసేవారు. ఎక్కితే అక్కడ బొమ్మ వెయ్యరు, నల్ల అంచు ఒకటి లాగి వదిలేస్తారు. చెమ్మ మరక పడినా ఆ నలుపులో అంతగా కనబడదని. తర్వాత లప్పం, గరుకు కాగితం, ప్రైమర్. అవి ఆరాక నీలిమందులో ముంచిన దారం ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుంటే, నడుమ పట్టి లాగి వదిలేవారు. గోడంతా గళ్ళు పడేవి. చిన్న కాగితం మీది బొమ్మను గడికి గడి పెద్దది చేస్తూ పోవడమే ఇక. పడమటి ఎండ తగిలే గోడకు ఎరుపు, పసుపు తక్కువ వాడమనేవారు, అవే ముందు వెలిసిపోతాయి గనక. ఇవన్నీ మన టెండరు షరతుల్లో రాయవచ్చు. రాయడానికి అర పేజీ చాలు.

హైదరాబాద్‌లో ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మక్తా బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేయించారు. అంతకుముందు ఏడే ఢిల్లీ లోధీ కాలనీలో ఇలాంటి పనే మొదలైంది. రెండు చోట్లా గోడలు గోడలే అయినా సమస్య వేరు. లోధీ కాలనీ ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు. ఎత్తైన ఒకేలాంటి గోడలు, యజమాని ఒక్కరే, అనుమతి ఇచ్చే శాఖ ఒక్కటే. మక్తా అలా కాదు. ఇంటింటికీ యజమాని వేరు, గోడకు కిటికీ ఉంది, కిటికీకి బట్టలారేసిన తీగ ఉంది, రేపో మాపో పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంది. అక్కడ అనుమతి అంటే అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడం. బొమ్మ ఎన్నాళ్ళు ఉంటుంది, ఇల్లు కట్టుకుంటే ఎవరిని అడగాలి, చూడటానికి వచ్చేవాళ్ళు గుమ్మంలోకి తొంగిచూస్తే ఏం చెయ్యాలి అన్నవి కూడా ఆ మాటల్లో ఉండాలి. బస్తీలో పనిచేయబోయే ఏ కార్యక్రమానికైనా ఈ మాటామంతీకి వేరే పద్దు కేటాయించాలని నేనంటాను.

ఈ విషయంలో ఫిలడెల్ఫియా ఒక మంచి ఉపాయం చేసింది. 1984లో గోడల మీద పిచ్చిరాతలు ఆపడానికి మొదలుపెట్టిన కార్యక్రమంలో జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి చేరి, రాతలు రాసే కుర్రాళ్ళ చేతికే కుంచెలిచ్చింది. ఇవాళ అది మ్యూరల్ ఆర్ట్స్ అనే పెద్ద సంస్థ. నాలుగువేలకు దగ్గరగా చిత్రాలు వేయించింది. అక్కడ చాలా బొమ్మలను నేరుగా గోడ మీద వెయ్యరు. పారాచూట్ గుడ్డ లాంటి పల్చని బట్టను ముక్కలుగా కోసి, వాటి మీద గీతలు గీసి, ఏ గడిలో ఏ రంగో అంకె వేసి బళ్ళకు, వృద్ధాశ్రమాలకు, జైలుకు కూడా పంపిస్తారు. కుంచె ఎన్నడూ పట్టని మనిషి కూడా తన వంతు గళ్ళు నింపుతాడు. ఆ ముక్కలన్నీ తెచ్చి జిగురుతో గోడకు అతికిస్తారు. పరంజా ఎక్కలేని ముసలమ్మ కూడా ఆ గోడలో తన గడి ఎక్కడుందో వేలెత్తి చూపిస్తుంది. మాస్టారి నీలిదారం గళ్ళు తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి ఒక్క రోజులో పట్టుబడుతుంది.

శాశ్వతంగా ఉండనక్కర్లేని కళ కూడా ప్రణాళికలో ఉండాలి. అదే ఖైరతాబాద్‌లో 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు ఎత్తు గణపతితో మొదలుపెట్టిన ఉత్సవం ఏటేటా పెరిగి, నగరమంతా చూడటానికి కదిలివచ్చే శిల్పమైంది. ప్రతి ఏడూ కొత్త రూపం, ప్రతి ఏడూ నిమజ్జనం. బతుకమ్మ కూడా అంతే, పేర్చిన సాయంత్రమే నీళ్ళలో కలుస్తుంది. కళ పోతుందన్న దిగులు లేకుండా కొత్త ప్రయోగాలు చేసే అలవాటు మనకు ఇలా ఎప్పటినుంచో ఉంది. నగరంలో ఒక ఖాళీ పీఠం ఉంచి, ఏడాదికో యువ శిల్పి పనిని అక్కడ పెట్టి తీసేస్తుంటే, నచ్చనిదాన్ని భరించడం జనానికీ, విమర్శను భరించడం శిల్పికీ అలవాటవుతుంది.

తీసెయ్యడానికీ ఒక పద్ధతి

పెట్టడం గురించి ఇంత చెప్పాను. తీసెయ్యడం గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వం 1957లో అమర్‌నాథ్ సెహగల్‌ను కంచు కుడ్యశిల్పం చెయ్యమంది. 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. 1962లో పూర్తయింది. 1979లో భవనానికి మరమ్మతులు చేస్తూ శిల్పికి ఒక్క మాట చెప్పకుండా దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ముక్కలు కొన్ని పోయాయి. 1992లో ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం కళాకృతి అమ్ముడైనా దాని మీద సృష్టికర్త నైతిక హక్కు పోదని చెప్పి, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మన మునిసిపాలిటీల్లో విగ్రహాలకు, గోడబొమ్మలకు పనిచేయించే ప్రతి అధికారి ఈ తీర్పు ఒక్కసారి చదవాలి. తొలగించే ముందు కళాకారుడికి నోటీసు, కావాలంటే తిరిగి తీసుకునే అవకాశం, ఎన్ని రోజుల గడువు అన్న మూడు సంగతులూ మొదటి ఒప్పందంలోనే ఉంటే కోర్టు దాకా పోనక్కర్లేదు.

న్యూయార్కులో ఇంకో రకం గొడవ జరిగింది. రిచర్డ్ సెరా అనే శిల్పి 1981లో ఒక ప్రభుత్వ భవనం ముందున్న ఖాళీ స్థలంలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న వంపు తిరిగిన ఉక్కుగోడ నిలబెట్టాడు. ఆ భవనంలో పనిచేసేవాళ్ళు దాన్ని చుట్టి నడవలేక విసిగిపోయారు. 1985లో బహిరంగ విచారణ పెట్టారు. 180 మంది మాట్లాడితే ఉంచమన్నవాళ్ళు 122, తీసెయ్యమన్నవాళ్ళు 58. విచారణ సంఘం 4-1 తేడాతో తొలగించాలంది. 1989లో దాన్ని ముక్కలు చేసి తీసుకుపోయారు. అడిగి అడిగి, చివరికి ఎక్కువమంది చెప్పిన మాట పక్కన పెట్టారు. దీని నుంచి నేను తీసుకున్న పాఠం, విచారణ పెట్టే ముందే ఎవరి మాటకు ఎంత బరువో చెప్పాలి. రోజూ ఆ దారిన నడిచేవాడి మాటకూ, దూరం నుంచి కళను ప్రేమించే వాడి మాటకూ తూకం ఏమిటో ముందు తేలాలి. తీర్పు నచ్చకపోయినా, తూకం ముందే తెలిస్తే మోసపోయామన్న బాధ ఉండదు.

మన దగ్గర ఇంకో చట్టపు సంగతి ఉంది. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు, రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజల అవసరానికి ఉద్దేశించిన స్థలాల్లో విగ్రహాలు పెట్టడానికి రాష్ట్రాలు అనుమతి ఇవ్వవద్దని ఆదేశించింది. వీధి దీపాలు, ట్రాఫిక్ ఏర్పాట్లు, రోడ్ల సుందరీకరణ వంటివి ఆ ఆదేశం కిందికి రావని కూడా చెప్పింది. మన కూడళ్ళ వైపు చూస్తే ఆ ఆదేశం ఎంత అమలైందో వేరే చెప్పనక్కర్లేదు. ప్రణాళిక రాసేవాళ్ళకు మాత్రం ఇది అడ్డంకి కాదు, సాయం. విగ్రహం అడిగే ప్రతి సంఘానికీ ప్రతి పార్టీకీ ఒకే జవాబు చెప్పవచ్చు. రోడ్డు మీద వీలుకాదు, పార్కులో గాని, లైబ్రరీ ఆవరణలో గాని, ఫలానా పద్ధతిలో దరఖాస్తు పెట్టుకోండి అని.

మొదటి ఏడాది ఏం చెయ్యాలి?

పెద్ద విగ్రహాల గురించి నాకు దిగులు లేదు. 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో నిలబెట్టిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాల మీద అందరి కళ్ళూ ఉంటాయి. దుమ్ము పట్టినా మర్నాడు పేపర్లో వస్తుంది. నా దిగులంతా వార్డులోని చిన్న పనుల గురించి. పీఠం పగిలిన స్వాతంత్ర్య సమరయోధుడు, చెయ్యి విరిగిన ఫైబరు రైతు, లోపలి ఇనుప ఊచ తుప్పు పట్టి సిమెంటు చీలిన సరస్వతి, పోస్టర్ల కింద కనుమరుగైన బడి గోడ. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించినవాడి పేరు శాసనం మీదికి ఎక్కింది. చెరువును తరతరాలుగా కాపాడింది మాత్రం తూము దగ్గర కాపలా ఉన్న నీరటి. మన నగరాల్లో శాసనాలు వేయించేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. నీరటి పోస్టు ఒక్కటీ మంజూరు కాలేదు.

అందుకని, నగరవ్యాప్త కళా కార్యక్రమం అనగానే మొదటి ఏడాది కొత్త పని ఒక్కటీ పెట్టవద్దంటాను. ఆ ఏడాదంతా మూడే పనులు. మొదటిది, జాబితా. వార్డు వార్డునా ఉన్న ప్రతి విగ్రహం, ప్రతి శిల్పం, ప్రతి గోడబొమ్మ ఎక్కడుంది, ఎవరు చేశారు, ఎప్పుడు, దేనితో, ఎవరి డబ్బు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, స్థలం ఎవరిది అన్న ఏడు గడులు నింపాలి. లలితకళల కాలేజీ విద్యార్థులకు ఇది ఒక సెమిస్టరు పని. గోడను వేలి కణుపుతో కొట్టి చూడటం వాళ్ళకు ముందే నేర్పిస్తే ఇంకా మంచిది. రెండోది, పోషణ. ఆ జాబితాలో అత్యవసరమైనవి తేల్చి బాగుచేయించాలి. దానికో చిన్న బృందం కావాలి. రాయి, లోహం, రంగు తెలిసిన ముగ్గురు మనుషులు, ఒక వ్యాను, ఒక నిచ్చెన, ఏటేటా ఆగకుండా వచ్చే ఒక పద్దు. మూడోది, నిబంధనావళి. ఎంపిక సంఘం, ఒక శాతం వాటా, ఒప్పందం నమూనా, తొలగింపు పద్ధతి, ఖాళీ పీఠం. ఇరవై పేజీలు దాటకూడదు. తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.

రెండో ఏడాది నుంచి కొత్త పనులు. అవీ నగరం నడిబొడ్డున కాదు, బస్సు డిపోల్లో, ప్రభుత్వాసుపత్రి వరండాల్లో, వార్డు ఆఫీసుల్లో, శ్మశానవాటికల ప్రహరీల మీద. మనుషులు వేరే దారి లేక ఎక్కువసేపు ఎదురుచూసే చోట్లలో బొమ్మకు చేసే పని ఎక్కువ ఉంటుంది.

ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. స్టాండింగ్ కమిటీలో ఒక తీర్మానం, బడ్జెట్‌లో ఒక పద్దు చాలు. ఈ సభలో శిల్పులున్నారు, అధ్యాపకులున్నారు, ఇద్దరు ముగ్గురు కార్పొరేటర్లనూ చూస్తున్నాను. వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందు మనందరం సంతకాలు చేసి కమిషనర్‌గారికి ఒక వినతిపత్రం ఇద్దాం. అందులో ఒకటే కోరిక రాద్దాం: జాబితా పూర్తయ్యేదాకా ఏ కొత్త విగ్రహానికీ కొబ్బరికాయ కొట్టవద్దు. వినతిపత్రం ముసాయిదా తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. టీ తాగి వెళ్ళేటప్పుడు చదవండి. ఒప్పుకుంటే సంతకం చెయ్యండి, ఒప్పుకోకపోతే అంచున కారణం రాయండి.